మడతల్లో పక్కపక్కన, పరిస్తే బెత్తెడు దూరం

అందరికీ నమస్కారం.

ముందు నా చేతిలో ఉన్న ఈ కాగితం చూడండి. దీని మీద రెండు చుక్కలు పెట్టాను. ఒకటి ఎరుపు, ఒకటి నీలం. మధ్యలో బెత్తెడు దూరం ఉంది. ఇప్పుడు కాగితాన్ని ఇలా మధ్యకు మడుస్తున్నాను. రెండు చుక్కలూ ఎదురెదురుగా వచ్చేశాయి. బయటి నుంచి స్కేలు పెట్టి కొలిస్తే వాటి మధ్య దూరం మిల్లీమీటరు కూడా లేదు. కానీ కాగితాన్ని వదలకుండా, మడత అడుగుదాకా దిగి మళ్ళీ పైకెక్కే చీమ ఒకటి ఉందనుకోండి. దానికి ఎర్ర చుక్క నుంచి నీలం చుక్కకు ఇంకా బెత్తెడు నడకే. మడత పెట్టినంత మాత్రాన దాని దారి తగ్గలేదు.

ఇవాళ నేను మాట్లాడబోయేదంతా ఆ చీమ నడిచే దూరం గురించే, అంటే ముడతలు పడిన మెదడు పైపొరను కంప్యూటర్‌లో విప్పి పరచడం గురించే.

మన మెదడు పైపొరను కార్టెక్స్ అంటాం. చూసినదాన్ని గుర్తుపట్టడం, విన్నమాటకు అర్థం తెలుసుకోవడం, చెయ్యి ఎత్తాలనుకుని ఎత్తడం, వీటన్నిటికీ ఆ పొర కావాలి. అందులో దాదాపు 1600 కోట్ల నాడీకణాలున్నాయి. మందం సగటున రెండున్నర మిల్లీమీటర్లు. కొన్నిచోట్ల ఒక్క మిల్లీమీటరే ఉంటుంది, కొన్నిచోట్ల నాలుగున్నర దాకా పోతుంది. విస్తీర్ణం మాత్రం రెండు అర్ధగోళాలూ, అంటే మెదడు కుడి ఎడమ సగాలు, కలిపి 2000 నుంచి 2500 చదరపు సెంటీమీటర్లు. మనం ప్రింటర్‌లో పెట్టే ఏ4 కాగితాలు నాలుగు పక్కపక్కన పరిస్తే ఎంతో, దరిదాపుగా అంత. నాలుగు కాగితాలంత పొర పుర్రెలో పట్టాలి కాబట్టి అది ముడతలు ముడతలుగా ఉంటుంది. పైకి ఉబికినవాటిని గట్లు అందాం, లోపలికి దిగినవాటిని గాడులు అందాం. మెదడు బొమ్మ చూసినప్పుడు మనకు కనిపించేవి గట్లే. పొరలో మూడింట రెండు వంతులు గాడుల లోపల దాగి ఉంటుంది.

గర్భంలో సగం కాలం గడిచేదాకా పిండం మెదడు దాదాపు నున్నగానే ఉంటుంది. ఆ తర్వాత పైపొర లోపలి భాగం కంటే వేగంగా విస్తరిస్తుంది, విస్తరించడానికి చోటు చాలక ముడుచుకుంటుంది. 2016లో కొందరు పరిశోధకులు ఒక పని చేశారు. పిండం మెదడు స్కాన్ ఆధారంగా నున్నటి జెల్ మెదడు తయారుచేసి, దాని పైపొర మాత్రమే ఉబ్బేలా ఒక ద్రావకంలో ఉంచారు. నిజం మెదడులో ఉన్నలాంటి గట్లూ గాడులే దాని మీద ఏర్పడ్డాయి. నాకు ఆ ప్రయోగమంటే చాలా ఇష్టం. మడతలు ఏర్పడటంలో యాంత్రిక బలాల పాత్ర ఎంత పెద్దదో కళ్ళకు కట్టినట్టు చూపించింది.

సరే, ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాం. ఎమ్మారై యంత్రం మెదడును పొరగా చూడదు. చిన్న చిన్న ఘనాలుగా చూస్తుంది. వాటిని వాక్సెల్స్ అంటారు. మామూలు నిర్మాణ స్కాన్‌లో ఒక్కో వాక్సెల్ మిల్లీమీటరు పొడవు, మిల్లీమీటరు వెడల్పు, మిల్లీమీటరు లోతు. ఈ పెట్టెల లెక్కలో దగ్గర అంటే పక్క పెట్టె. అది బయటి నుంచి స్కేలు పెట్టినవాడి దూరం. చీమ దూరం దానికి తెలియదు.

దీనివల్ల ఏమవుతుందో నాకు ఒక అనుభవం ఉంది. నేను ఈ పనిలోకి కొత్తగా వచ్చిన రోజుల్లో, శబ్దాలు వినిపిస్తూ మెదడులో ఏ భాగం స్పందిస్తుందో చూసే ప్రయోగం ఒకటి చేశాం. ఇలాంటి కొలతల్లో రొద ఎక్కువ కాబట్టి, ప్రతి వాక్సెల్ విలువనూ చుట్టూ ఎనిమిది మిల్లీమీటర్ల మేర సగటు చేసి మెత్తబరచడం అప్పట్లో అందరికీ అలవాటు. అలాగే చేశాను. కణతల లోపలివైపు పెద్ద మచ్చ ఒకటి వచ్చింది. వినికిడికి సంబంధించిన చోటు నుంచి మొదలై, స్పర్శకు సంబంధించిన చోటు దాకా ఏకంగా పాకింది. శబ్దం వింటే స్పర్శ కేంద్రం కూడా కదులుతోందని ఎంత సంబరపడ్డానో చెప్పలేను. రెండు వారాలు దాని గురించే ఆలోచించాను, దాని గురించే మాట్లాడాను.

మెదడు పక్కవైపున సిల్వియన్ గాడి అని లోతైన గాడి ఒకటుంది. దాని కింది ఒడ్డున వినికిడి ప్రాంతం, పై ఒడ్డున రెండో స్పర్శ ప్రాంతం. రెండు ఒడ్లూ ఒకదానికొకటి ఎదురుగా, దాదాపు ఆనుకుని ఉంటాయి. పొర వెంట వెళ్ళాలంటే మాత్రం కింది ఒడ్డు మీదుగా లోపలికి దిగి, అడుగున ఉన్న ఇన్సులా దాటి, పై ఒడ్డు ఎక్కాలి. నేను చేసిన సగటు గాడికి అడ్డంగా దూకి, కింది ఒడ్డు మీది స్పందనను పై ఒడ్డుకు పూసేసింది. మా సీనియర్ ఒకరు అదే డేటాను పొర మీదకు ఎక్కించి, పొర వెంటనే సగటు చేసి చూపించారు. మచ్చ కింది ఒడ్డు మీదే ఉంది. పై ఒడ్డు మీద ఏమీ లేదు. రెండు వారాల నా సంబరం పది నిమిషాల్లో తేలిపోయింది. పొరను పొరగా చూడాలన్న పట్టుదల నాకు ఆ రోజే కలిగింది.

ఈ పని కంప్యూటర్లతో మొదలవలేదు. 1980లో వాన్ ఎసెన్, మాన్సెల్ అనే ఇద్దరు పరిశోధకులు చేత్తోనే చేసే పద్ధతి ప్రచురించారు. మెదడును పలచటి ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలోనూ కార్టెక్స్ గీత ఎలా మెలికలు తిరిగిందో కాగితం మీద గీసుకుని, ఆ గీతలను వరసగా పరుస్తూ, పక్క పక్క గీతలు సరిపోయేలా సర్దుకుంటూ మొత్తం పటం తయారుచేయడం. ఎంత ఓపిక కావాలో ఊహించుకోండి. కోతి మెదడు మీద ఆ పనే ముందుకు సాగి, 1991లో ఫెల్మన్, వాన్ ఎసెన్‌లు చూపుకు సంబంధించిన 32 ప్రాంతాలను ఒకే చదును పటం మీద చూపించారు. ఇప్పటికీ ఆ పటం పాఠాల్లో కనిపిస్తుంది.

మనుషుల మెదడుకు ఆ దారి లేదు. బతికి ఉన్న మనిషి స్కాన్ నుంచే పొరను బయటికి తీయాలి. ఆ మలుపు 1990లలో వచ్చింది. ఆండర్స్ డేల్, మార్టిన్ సెరెనో, బ్రూస్ ఫిషల్ ఈ ముగ్గురి పేర్లు గుర్తుంచుకోండి. 1999లో వారు వెలువరించిన జంట వ్యాసాల్లో మొదటిది స్కాన్ నుంచి పొరను పునర్నిర్మించడం గురించి, రెండోది ఆ పొరను ఉబ్బించడం, చదును చేయడం, గోళంగా మార్చడం గురించి. ఆ పని నుంచే ఫ్రీసర్ఫర్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఉచితంగా దొరుకుతుంది. వాన్ ఎసెన్ బృందం కారెట్ చేసింది, తర్వాత కనెక్టోమ్ వర్క్‌బెంచ్ వచ్చింది. బ్రెయిన్‌వాయేజర్ ఉంది, ఏఎఫ్ఎన్ఐతో కలిసి పనిచేసే సూమా ఉంది, 2015లో వ్యాసంగా వచ్చిన పైకార్టెక్స్ ఉంది. ఏది వాడినా లోపల జరిగే పని పోలిక ఒకటే. నాకు అలవాటు ఫ్రీసర్ఫర్‌తో కాబట్టి దాని నడక చెబుతాను.

మనం ఇచ్చేది ఒక టీ1 స్కాన్, అంటే మెదడు నిర్మాణాన్ని చూపే మామూలు ఎమ్మారై స్కాన్. రీకాన్-ఆల్ అనే ఒకే ఆదేశం ఇస్తే అది గంటల తరబడి తన పని తాను చేసుకుంటుంది. ముందు స్కాన్‌లో వెలుగు హెచ్చుతగ్గులు సవరిస్తుంది. పుర్రెనూ చర్మాన్నీ ఒలిచేస్తుంది. తర్వాత తెల్ల పదార్థం, అంటే కార్టెక్స్ కింద ఉండే నాడీతంతువుల భాగం, ఎక్కడ ఉందో పట్టుకుంటుంది. ఇక్కడ ఒక తెలివి ఉంది. మనకు కావాల్సింది బూడిదరంగు పొర, అంటే కార్టెక్స్ కదా, తెల్ల పదార్థం ఎందుకు? బూడిద పొర బయటి అంచు గాడుల్లో రెండు వైపులా కలిసిపోయి కనిపిస్తుంది, విడదీయడం కష్టం. తెల్ల పదార్థం అంచు మాత్రం స్పష్టంగా ఉంటుంది. అందుకని ముందు లోపలి అంచును పట్టుకుని, అక్కడి నుంచి బయటికి తోసుకుంటూ పోయి బయటి అంచును కనుక్కుంటుంది. లోపలి అంచును వైట్ సర్ఫేస్ అంటారు, బయటిదాన్ని పియల్ సర్ఫేస్ అంటారు. రెంటి మధ్య దూరమే కార్టెక్స్ మందం.

ఆ అంచు కంప్యూటర్‌లో ఒక వల. చేపల వలలో ముడులున్నట్టు దీనికీ ముడులుంటాయి. పక్క పక్క ముడులను కలిపితే చిన్న చిన్న త్రికోణాలు. ఒక్కో అర్ధగోళానికి లక్షకు పైనే ముడులుంటాయి. అందరి మెదళ్ళనూ పోల్చడానికి ఫ్రీసర్ఫర్ వాడే సగటు మెదడు వలలో ఒక్కో వైపు సరిగ్గా 1,63,842 ముడులున్నాయి. ఈ సంఖ్య ఊరికే రాలేదు. ఇరవై ముఖాల ఘనరూపాన్ని తీసుకుని, ప్రతి త్రికోణాన్నీ నాలుగు ముక్కలు చేస్తూ, అదే పని ఏడుసార్లు చేస్తే వస్తుంది. త్రికోణాలు 3,27,680. అంచులు 4,91,520.

ఇప్పుడు ముడుల్లోంచి అంచులు తీసేసి, త్రికోణాలు కలపండి. రెండు వస్తుంది. బంతిలా ఎక్కడా రంధ్రం లేకుండా మూసుకున్న ఏ వలకైనా రెండే వస్తుంది. ఆయిలర్ కనిపెట్టిన సంగతి ఇది. నాకు దీని మీద ఎందుకింత మక్కువంటే, కొత్త మెదడు వల తయారైనప్పుడు మొదటి లెక్కలో రెండు రాదు. మైనస్ ముప్పై రావచ్చు, మైనస్ వంద రావచ్చు. అంటే వలలో ఎక్కడెక్కడో చెంబుకు పిడి ఉన్నట్టు పిడులున్నాయన్నమాట. ఒక్కో పిడికీ లెక్కలో రెండు తగ్గుతుంది. గాడి రెండు ఒడ్లూ ఒకదానికొకటి తగిలినట్టు కనిపించిన చోట సాఫ్ట్‌వేర్ పొరబడి వాటి మధ్య వంతెన కట్టేస్తుంది. ఒక్క రక్తనాళం కాస్త మెరిసినా చాలు. ఆ వంతెన మీదుగా మన చీమ దర్జాగా గాడి దాటేస్తుంది, దూరాలన్నీ తప్పుతాయి. అందుకే పిడులను వెతికి తెంచే దశ ఒకటి ఉంది. చాలావరకు అదే చేసుకుంటుంది. అయినా నేను ప్రతి మెదడునూ ఒక్కో పలక చొప్పున కళ్ళతో చూస్తాను. తెల్ల పదార్థంలో ఒకటి రెండు వాక్సెల్స్ చెరిపి మళ్ళీ నడిపించాల్సిన సందర్భాలు ఎన్నో వచ్చాయి. దయచేసి ఈ పనిని చిన్నచూపు చూడకండి. పొర తప్పైతే ఆ పైన ఎంత అందమైన పటం గీసినా తప్పే.

పొర సరైనదని నమ్మకం కుదిరాక ఉబ్బిస్తాం. వలలోని ప్రతి ముడినీ దాని పొరుగు ముడుల మధ్యకు లాగుతూ పోతే మడతలు మెల్లగా విప్పుకుంటాయి. అదే సమయంలో ముడుల మధ్య దూరాలు మరీ చెడిపోకుండా ఇంకో బలం వెనక్కి లాగుతుంది. మీరు తెర మీద చూస్తున్నది అదే. గట్లను లేత బూడిద రంగులో, గాడులను ముదురు రంగులో వేశాం కాబట్టి ఏది లోపలి నుంచి వచ్చిందో తెలుస్తోంది. ఇందాక దాక్కున్న మూడింట రెండు వంతులూ ఇప్పుడు బయట ఉంది. చాలా పనులకు ఇక్కడ ఆగిపోవచ్చు. నిజానికి ఆగిపోవడమే మంచిది, ఎందుకంటే ఇంతవరకు మనం ఎక్కడా కత్తెర పెట్టలేదు.

చదును చేయాలంటే కత్తెర తప్పదు. ఎందుకో 1827లో గౌస్ చెప్పాడు. ఒక తలానికి తనదైన వంపు ఒకటి ఉంటుంది. సాగదీయకుండా, చింపకుండా ఎన్ని రకాలుగా వంచినా అది మారదు. కాగితానికి ఆ వంపు సున్నా. కాగితాన్ని గొట్టంగా చుట్టినా సున్నానే, అందుకే గొట్టాన్ని విప్పితే మళ్ళీ చదునైన కాగితమే వస్తుంది. బంతికి వంపు సున్నా కాదు. గుర్రపు జీనులాంటి ఆకారానికీ కాదు, దానిది రెండో రకం వంపు. బంతిని ఎంత నేర్పుగా పరిచినా ఎక్కడో సాగాలి, ఎక్కడో చిరగాలి. భూమి పటాలు గీసేవాళ్ళు ఈ బాధ ఎప్పటి నుంచో పడుతున్నారు. 1569లో మెర్కేటర్ గీసిన పద్ధతిలో కోణాలు నిలిచాయి, విస్తీర్ణాలు పోయాయి. ఆ పటంలో గ్రీన్‌లాండ్ దాదాపు ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజంగా ఆఫ్రికా దానికి పద్నాలుగు రెట్లు.

మెదడు విషయంలో ఒక ఊరట ఉంది. పొడవాటి గాడి అంటే సగం చుట్టిన గొట్టంలాంటిదే. దాని పొడవునా పరిస్తే పెద్దగా సాగదీయక్కర్లేదు. కష్టం వచ్చేది గాడి ముగిసే చోట, రెండు మూడు గాడులు కలిసే చోట, కణత దగ్గరి మెదడు భాగం కొనలాంటి బుడిపెల దగ్గర. చూడటానికి భయపెట్టే మడతల్లో చాలాభాగం సులువుగా విప్పుకుంటుంది. మొండికేసేది కొన్ని చోట్లే.

కోతలు ఎక్కడ పెట్టాలి? అర్ధగోళం మొత్తాన్ని పరచాలంటే ముందు లోపలి గోడవైపు కార్టెక్స్ లేని భాగాన్ని, అంటే రెండు అర్ధగోళాలనూ కలిపే నాడీతంతువుల కట్ట చుట్టుపక్కల చోటును, తీసేస్తాం. అక్కడి నుంచి అంచులవైపుకు నాలుగైదు కోతలు పెడతాం. వెనక భాగంలో కాల్కరైన్ గాడి వెంట ఒకటి వేయడం ఆనవాయితీ. తర్వాత ఎంఆర్ఐఎస్-ఫ్లాటెన్ అనే ఆదేశం ఇస్తాం. అది ఏం చేస్తుందంటే, ప్రతి ముడికీ తన చుట్టుపక్కల ముడులతో పొర వెంట ఎంత దూరం ఉందో ముందే కొలిచి పెట్టుకుంటుంది. అంటే చీమ దూరాలు. ఆ తర్వాత ముడులన్నిటినీ బల్లపరుపుగా పడేసి, చదును మీది దూరాలు ఆ పాత దూరాలకు వీలైనంత దగ్గరయ్యేలా ముడులను కొంచెం కొంచెంగా జరుపుతుంది. మొదట్లో కొన్ని త్రికోణాలు తిరగబడి ఒకదాని మీద ఒకటి పడతాయి. వాటిని మళ్ళీ తిన్నగా తిప్పడానికి వేరే జరిమానా ఉంటుంది లెక్కలో. కోతలు తక్కువైతే పటం మధ్యలో నొక్కుకుపోతుంది, అంచుల్లో సాగుతుంది. కోతలు ఎక్కువైతే దూరాలు బాగుంటాయి, కానీ పొరుగిళ్ళవాళ్ళను తీసుకెళ్ళి చెరో ఊళ్ళో పెట్టినట్టు ఉంటుంది.

నా మొదటి చదును పటంలో ఈ సంగతే తెలిసి వచ్చింది. చూపు ప్రాంతాల మీద పని. పుస్తకంలో చెప్పినట్టే కాల్కరైన్ గాడి వెంట కోశాను. ప్రాథమిక చూపు ప్రాంతం, అంటే వీ1, సరిగ్గా ఆ గాడిలోనే ఉంటుంది. నేను చూడాలనుకున్న ప్రాంతాన్ని నేనే నిలువునా రెండు ముక్కలు చేసుకున్నాను. పటానికి పై అంచున సగం, కింది అంచున సగం. సాయంత్రమంతా ఆ రెండు సగాలనూ మనసులో అతికించుకుంటూ కూర్చున్నాను. కోత తప్పు కాదు, మొత్తం అర్ధగోళానికి అది మంచి కోతే. నా ప్రశ్నకు అది పనికిరాని కోత. ఇప్పుడు వీ1 కోసమైతే మెదడు వెనక ముక్కను మాత్రమే విడదీసి, వీ1 మధ్య నుంచి వెళ్ళని దారిలో కోస్తాను. ఏ చోటు చూడాలో తేలకముందే కత్తెర పట్టుకోవద్దని మా విద్యార్థులకు చెబుతుంటాను.

ఇంత కష్టం ఎందుకంటే, చూపు ప్రాంతాల కథ వినండి. 1904-05 రష్యా-జపాన్ యుద్ధంలో తలకు తూటా తగిలి బతికిన సైనికులను తాత్సుజీ ఇనొయే అనే జపాన్ కంటి వైద్యుడు పరీక్షించాడు. ఆ తూటాలు వేగంగా, సన్నగా దూసుకుపోయేవి. లోపలికి వెళ్ళిన చోటు, బయటికి వచ్చిన చోటు చూసి మెదడులో ఏ భాగం దెబ్బతిందో లెక్కగట్టాడు. వాళ్ళకు చూపులో ఎక్కడ మరుగు వచ్చిందో కొలిచాడు. రెంటినీ జతచేసి, కంటి ముందరి లోకం మెదడు వెనక భాగం మీద ఒక పటంలా పరుచుకుని ఉంటుందని 1909లో ప్రచురించాడు. చూపు మధ్యభాగానికి ఎక్కువ చోటు, అంచులకు తక్కువ చోటు అని కూడా గమనించాడు. చూపు మధ్యలోని 10 డిగ్రీల మేరకు వీ1లో దాదాపు సగం చోటు పోతుందని మనకు ఇప్పుడు తెలుసు.

ఇప్పుడు తూటా అక్కర్లేదు. స్కానర్‌లో పడుకున్న మనిషికి గడియారం ముల్లులా తిరిగే ఆకారాన్ని చూపిస్తాం. తర్వాత లోపలి నుంచి బయటికి పెరిగే వలయాన్ని చూపిస్తాం. మొదటిది కోణం చెబుతుంది, రెండోది మధ్య నుంచి ఎంత దూరమో చెబుతుంది. ఆ స్పందనలను మడతల మెదడు మీద వేస్తే, ఇదిగో, రంగుల తునకలు తప్ప ఏమీ అర్థం కాదు. చదును పటం మీద వేస్తే... చూడండి. చక్కటి ఇంద్రధనుస్సులు. రంగులు ఒకవైపు వరసగా సాగి, ఒక గీత దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కి మళ్ళుతున్నాయి. ఆ మళ్ళే గీతే వీ1కు, దాని పక్కనే ఉండే రెండో చూపు ప్రాంతం వీ2కు మధ్య సరిహద్దు. రెండు ప్రాంతాలూ అద్దంలో బొమ్మా ప్రతిబొమ్మల్లా ఉంటాయి కాబట్టి రంగుల వరస తిరగబడుతుంది. సెరెనో బృందం 1995లో మనిషి మెదడులో ఈ సరిహద్దులను ఇలాగే గీసి చూపించింది. ఎన్నిసార్లు చేసినా, కొత్త మనిషి పటంలో ఆ రంగులు మొదటిసారి తెర మీద విచ్చుకున్నప్పుడు నేను కాసేపు మాట్లాడకుండా చూస్తూ ఉండిపోతాను. ఆ క్రమం ఆ మనిషి తలలో మొదటి నుంచీ ఉంది. మడతల వల్ల మనకు కనబడలేదు, అంతే.

వీ1 విస్తీర్ణం మనిషికీ మనిషికీ రెండు మూడు రెట్లు తేడా ఉండగలదు. కాబట్టి ఒకరి పటం మీద ఇంకొకరి సరిహద్దు గీసి సరిపెట్టుకుంటే కుదరదు. పదిమందిని కలిపి చూడాలంటే చదును పటం వాడం, గోళం వాడతాం. గోళానికి కోతలు ఉండవు, అంచులు ఉండవు. ఒకరి గాడుల తీరు మరొకరి గాడుల తీరుకు సరిపోయేలా గోళం మీద జరుపుతాం. 2016లో హ్యూమన్ కనెక్టోమ్ ప్రాజెక్టు డేటాతో ఒక్కో అర్ధగోళంలో 180 ప్రాంతాలు గుర్తించిన పటం వచ్చింది. 210 మంది స్కాన్‌లు దానికి ఆధారం. గాడుల తీరుతో పాటు మందం, మైలిన్ అనే నాడీతంతువుల కొవ్వు తొడుగు, పనితీరు, అనుసంధానాలు కూడా కలిపి చూశారు. పొరను పొరగా చూడకపోతే అది సాధ్యమయ్యేది కాదని నా గట్టి నమ్మకం.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: చదును పటం మీద ఒక మచ్చ పెద్దగా కనిపిస్తే నిజంగా పెద్దదే అనుకోవచ్చా?

అలా అనుకోకండి. రెండు కారణాలు. ఒకటి, పరిచేటప్పుడు సాగిన చోటు కావచ్చు. ప్రతి త్రికోణం చదును విస్తీర్ణాన్ని దాని అసలు విస్తీర్ణంతో భాగించి ఆ నిష్పత్తిని రంగుగా అదే పటం మీద వేసి చూడండి, ఎక్కడ సాగిందో వెంటనే తెలుస్తుంది. రెండోది చాలామంది మరిచిపోయేది. పటం ఏ అంచు నుంచి వచ్చింది? లోపలి అంచు మీద కొలిస్తే గట్టు కొన ఇరుకుగా, గాడి అడుగు విశాలంగా ఉంటుంది. బయటి అంచు మీద కొలిస్తే సరిగ్గా తిరగబడుతుంది. అందుకే మందం మధ్యలో పోయే తలాన్ని వాడేవాళ్ళున్నారు, నా ఓటు కూడా దానికే. విస్తీర్ణం ఎప్పుడు చెప్పాల్సి వచ్చినా మడతల తలానికే తిరిగి వెళ్ళి కొలవాలి. చదును పటం చూడటానికి, ఏది దేని పక్కన ఉందో తెలుసుకోవడానికి. కొలవడానికి కాదు.

ప్రశ్న: శస్త్రచికిత్స చేసేవాళ్ళకు ఇది ఉపయోగపడుతుందా? వాళ్ళ ముందు ఉండేది మడతల మెదడే కదా.

మంచి ప్రశ్న. చదును పటం పట్టుకుని ఎవరూ శస్త్రచికిత్స చేయరు, చేయకూడదు కూడా. కణితి ఉన్న మెదడులో ఈ వల తప్పుగా తయారయ్యే అవకాశం ఎక్కువ, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ ఆరోగ్యవంతుల మెదడును ఊహించుకుని పనిచేస్తుంది. ఎపిలెప్సీలో మాత్రం గాడి అడుగున దాక్కున్న చిన్న లోపాలను, అంటే పొర మందం అసహజంగా పెరిగిన చోట్లను వెతకడానికి ఉబ్బించిన తలం బాగా సాయపడుతుంది. అక్కడ దొరికిన అనుమానాన్ని మళ్ళీ అసలు స్కాన్‌లో చూసి నిర్ధారించుకోవాలి.

ఆ వెనక్కి వెళ్ళే దారి ఎలా ఉంటుందో చూపిస్తే మీకు తేలికగా అర్థమవుతుంది. ఇందాక వలలో ముడులున్నాయన్నాను. ప్రతి ముడికీ ఒక సంఖ్య ఉంటుంది. ఉబ్బించినా, గోళం చేసినా, పరిచినా ముడి స్థానం మారుతుంది, సంఖ్య మారదు. కాబట్టి చదును పటం మీద ఎక్కడ నొక్కినా అదే ముడి మడతల మెదడులో ఎక్కడ ఉందో, అసలు స్కాన్‌లో ఏ వాక్సెల్‌లో పడిందో క్షణంలో తెలుస్తుంది. ఇదిగో, మూడు కిటికీలూ పక్కపక్కన తెరిచాను. ఎడమవైపు చదును పటం, మధ్యలో మడతల మెదడు, కుడివైపు స్కాన్. వెనక వరసలో చెయ్యెత్తినవారు, మీరే ఒక సంఖ్య చెప్పండి, లక్ష లోపు ఏదైనా సరే.